సీలు తీయని పెట్టె

అక్రం షట్టరు సగానికి దించేసరికే సమ్రీన్‌కి ఏదో తేడాగా అనిపించింది. జుమ్మా నమాజుకి వెళ్ళేటప్పుడు తప్ప ఆ షాపు షట్టరు పగటిపూట దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆరోజు శుక్రవారం కాదు.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద అంత పెద్దదీ అంత చిన్నదీ కాని కంప్యూటర్ల షాపు అది. యజమాని అక్రం, సమ్రీన్ వాళ్ళమ్మకి వరసకు తమ్ముడు. కౌంటరు చూసుకునేదీ, స్క్రీన్ గార్డులు అంటించేదీ, ఫోనెత్తి "ఇంకా రాలేదండీ" అని చెప్పేదీ సమ్రీన్. ఆ మాట ఈమధ్య ఎన్నిసార్లు అన్నదో ఆమెకే తెలియదు. కొత్త ప్రాసెసరు, కొత్త గ్రాఫిక్స్ చిప్పు వేసిన లాప్‌టాప్‌లు రాబోతున్నాయని కంపెనీవాళ్ళు చాలా ముందుగానే పోస్టర్లూ స్టిక్కర్లూ పంపించారు. పెళ్ళికొడుకు జాడ లేకుండా బాజాభజంత్రీలు దిగినట్టు, సరుకు తప్ప అన్నీ వచ్చాయి. ఆఖరికి ఊళ్ళోకి ఒకే ఒక్క పీసు వచ్చింది. ఆ పెట్టె మీద నల్ల మార్కరుతో "ప్రసన్న, కారంపూడి" అని రాసి ఉంది.

ఆ పెట్టెనే అక్రం ఇప్పుడు బీరువాలోంచి తీసి టేబులు మీద పెట్టాడు. పక్కనే పాత చిప్పున్న లాప్‌టాప్ ఒకటి పెట్టాడు. రెండిటికీ పైన బాడీ ఒకటే, రంగూ ఒకటే.

"హెయిర్ డ్రయ్యరు తీసుకురా" అన్నాడు.

గార్డుల జిగురు కరిగించడానికి వాడే డ్రయ్యరు అది. సమ్రీన్ తెచ్చింది. దేనికని అడగబోయి అతని ముఖం చూసి ఊరుకుంది. అక్రం నుదుటి మీద చెమటలు పట్టి ఉన్నాయి. ఏసీ నడుస్తూనే ఉంది. పెట్టెకున్న గుండ్రటి సీలు చిరగకుండా తీయమన్నాడు. అలాంటి పని అతని చేతికి రాదు. ఆమె వేళ్ళే సన్నగా, నిదానంగా కదులుతాయి. సమ్రీన్ వేడిగాలి పట్టి గోటి అంచుతో సీలు లేపింది. అది బుద్ధిగా ఊడి వచ్చింది. ఊడకుండా చిరిగిపోయినా బాగుండేదని ఆమెకి ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది.

షాపున్న కాంప్లెక్సు యజమాని కొడుకు తేజకి కొత్త చిప్పు వచ్చిన సంగతి తెలిసిపోయింది. ఫోన్ చేసి, సాయంత్రానికల్లా తన గేముల బల్ల మీద ఉండాలన్నాడు. అది వేరేవాళ్ళు ముందే డబ్బు కట్టిన సరుకని అక్రం చెప్పాడు. తేజ నవ్వి, అయితే నాన్నతో మాట్లాడిస్తానన్నాడు. ఆ నాన్నతో మాట్లాడే అవసరం రాకుండా బతకాలనేదే ఆ కాంప్లెక్సులో షాపులున్నవాళ్ళందరి కోరిక.

"మరి కారంపూడివాళ్ళొస్తే, మామూ?" అంది సమ్రీన్.

"మూఢం వెళ్ళిందాకా రారు. ఈలోపు ఇంకో పీసు వచ్చిద్ది. మళ్ళా మార్చి పెట్టేద్దాం. లోపల ఏ చిప్పుందో పైకి ఎవరికి కనపడిద్ది?"

అతను అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అలా నమ్మాడు. పంచాంగంలో మూఢాలు ఎప్పుడొస్తాయో ఎప్పుడు పోతాయో పంతుళ్ళకన్నా షాపులవాళ్ళకే బాగా గుర్తుంటాయి. మూఢంలో కొత్త వస్తువు ఇంట్లోకి తీసుకెళ్ళరు. అందుకని డబ్బు ముందే కట్టేసి, సరుకు వచ్చాక సీలు తీయకుండా షాపులోనే ఉంచి, మంచిరోజు చూసుకుని పట్టుకెళ్తారు. ఫ్రిజ్‌లూ, బండ్లూ, బీరువాలూ అన్నీ అంతే. ఒకరి వస్తువు ఒకరు అలా దాచిపెట్టడం ఆ బజారులో మామూలే. ఇంతవరకు ఏ పెట్టె మీదా ఎవరూ చెయ్యి వేసింది లేదు.

సమ్రీన్ పాత లాప్‌టాప్ మీది స్టిక్కరు ఊడదీసి, కంపెనీ పంపిన కొత్త స్టిక్కరు అదే చోట అంటించింది. గాలి బుడగ రాకుండా గుడ్డతో రెండువైపులా నొక్కింది. దాన్ని ప్రసన్న పెట్టెలో పెట్టి, సీలు మళ్ళీ అతికించింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె చేతులు వణకలేదు. అక్రం సరుకు తీసుకుని బయటికి వెళ్ళి షట్టరు పైకెత్తాక, రోడ్డు మీది వెలుతురు లోపలికి పడ్డాక వణుకు మొదలైంది. స్టూలు మీద కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

రెండో పీసు రాలేదు.

విజయవాడ డీలరు మొదట రేపన్నాడు. తర్వాత వచ్చే వారమన్నాడు. ఆ తర్వాత అక్రం ఫోన్ చేస్తే ఎత్తడమే మానేశాడు. చిప్పులు కరువుగా ఉన్నాయనీ, వచ్చినవన్నీ పెద్ద ఊళ్ళకే పోతున్నాయనీ ఎవరో చెప్పారు. అక్రం రోజూ పొద్దున్నే గోడమీది క్యాలెండరు వైపు చూసి వెంటనే తల తిప్పేసుకునేవాడు. సమ్రీన్ మాత్రం దాని వైపు చూడకుండానే మూఢం ఎంత మిగిలిందో చెప్పగలిగేది.

ఇంటిదగ్గర అన్నం సయించడం లేదు. వాళ్ళమ్మ గుల్షన్ మిషను కుట్టుకుంటూ, ఏమైందే అని అడిగింది. తలనొప్పి అంది. అక్రం మాట ఇంట్లో చెప్పడమంటే తన ఉద్యోగంతోపాటు అమ్మకి పుట్టింటి వరసల్ని కూడా పోగొట్టడం. అందుకని ఆ మాట ఎత్తలేదు. రాహేలు అనే స్నేహితురాలికి చెప్పాలనుకుని ఫోన్ చేసి, కాసేపు చీరల గురించి మాట్లాడి పెట్టేసింది.

సమ్రీన్‌కి భయం ప్రసన్న వాళ్ళ నాన్న, కారంపూడి బ్రహ్మయ్యని తలుచుకుంటే. ఆ మనిషి కసిరిందీ లేదు, గొంతు పెంచిందీ లేదు. కానీ షాపు గుమ్మంలో ఆయన చెప్పులు విప్పితేనే లోపల మాటలు ఆగిపోయేవి. మిరప, పత్తి వేసే రైతు. ఊళ్ళో పంచాయితీ అంటే ఆయన అరుగు మీదే. తమ్ముళ్ళు ముగ్గురూ అన్న కనుబొమ్మ కదిలితే లేచే రకమని కారంపూడి నుంచి వచ్చే ఖాతాదార్లు చెప్పుకునేవాళ్ళు. అలాంటి ఇంట్లోంచి ప్రసన్న హైదరాబాదులో యానిమేషన్ కోర్సుకి సీటు తెచ్చుకుంది.

ప్రసన్న షాపుకి వచ్చినప్పుడల్లా కౌంటరు మీద మోచేతులు పెట్టుకుని సమ్రీన్‌కి పాఠం చెప్పేది. పాత చిప్పు మీద మనిషి జుట్టు గాలికి ఊగే ఒక్క సీను తయారు కావాలంటే పూట గడిచిపోతుందట. మధ్యలో వేడెక్కి మొరాయిస్తుందట. కొత్తదాంట్లో ఆ పని వంట అయ్యేలోగా అయిపోతుందట. అందుకే అందరూ ఏదో ఒకటి కొనుక్కోమన్నా వినకుండా ఆగింది. లాప్‌టాప్ కోసం ఇన్నాళ్ళు కాచుకోవడమేందని బాబాయిలు ఎగతాళి చేస్తే, నా కూతురు తెలిసే ఆగుతుందిలే అని బ్రహ్మయ్య అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ప్రసన్న ముఖం చూసి సమ్రీన్ కొంచెం కుళ్ళుకుంది కూడా. తన కోసం అలా అనే మనిషి ఎవరున్నారా అని.

మూఢం వెళ్ళిన తెల్లారే వాళ్ళు వచ్చేశారు.

బ్రహ్మయ్య, ప్రసన్న, వెనక బ్రహ్మయ్య తల్లి ఆదిలక్ష్మమ్మ. ముసలావిడ చేతిలో అరటిపళ్ళు, తమలపాకులున్న సంచి. అక్రం ఎదురెళ్ళి కుర్చీలు వేశాడు. మామూలుకన్నా ఎక్కువ నవ్వాడు. టీ తెప్పిస్తానన్నాడు. సమ్రీన్ బీరువా తాళం తీసి పెట్టె కౌంటరు మీద పెట్టింది. అది ఇంత బరువుందా అనిపించింది.

ప్రసన్న పెట్టె మీదున్న తన పేరును వేలితో ఒకసారి తడిమింది. ఆ వేలు వైపు చూడలేక సమ్రీన్ బిల్లు పుస్తకం ముందుకు లాక్కుంది. ఏదైతే అదవుతుందని తెగించి, బిల్లు మీద చూపు నిలిపి నెమ్మదిగా అంది.

"ఒకసారి ఇక్కడే తెరిచి చూసుకోండి బాబాయ్. ఆన్ చేసి చూపిస్తాం."

అక్రం ముఖంలో నెత్తురు చుక్క లేదు. బ్రహ్మయ్య సరేనన్నట్టు ముందుకు వంగాడు. ఆదిలక్ష్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమే పిల్లా, బజారులో తెరిచేదానికా ఇన్నాళ్ళు ఆగింది? ఇంటికాడ టయానికి తెరిస్తే చాల్లే. ఇన్నాళ్ళు భద్రంగా దాచారు, మీ మీద మాకు నమ్మకం లేకనా?"

ఇక ఆ పెట్టె విప్పమనే ధైర్యం ఎవరికీ లేదు. ముసలావిడ సంచిలోంచి రెండు అరటిపళ్ళు తీసి సమ్రీన్ చేతిలో పెట్టింది. పరాయివాళ్ళ వస్తువు కనిపెట్టుకుని ఉండటం మాటలు కాదని మెచ్చుకుంది. వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా అక్రం గుమ్మంలోనే నిలబడి, లోపలికి వచ్చి, ఎందుకలా అన్నావని సమ్రీన్‌ని గట్టిగా అడగలేక, మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. తెరవమన్నది ఆమె తెలివేనేమో, అలా అంటే అనుమానం రాదని అందేమో అని కూడా అతను అనుకున్నాడు. ఆ పళ్ళు సమ్రీన్ తినలేకపోయింది. సాయంత్రం ఇంటికి తీసుకెళ్తే గుల్షన్ తిని, తియ్యగా ఉన్నాయంది.

తర్వాతి రోజులన్నీ ఒకే రోజులా గడిచాయి. బుల్లెట్టు బండి చప్పుడైతే చాలు, సమ్రీన్ కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగేది. షాపు ముందు తెల్లచొక్కాల గుంపు కాసేపు ఆగితే చేతిలో పని ఆపేసేది. వాళ్ళు పక్క హోటల్లోకి వెళ్ళిపోయాకే మళ్ళీ మొదలుపెట్టేది. రాత్రి పడుకుంటే కలలో సీలు ఊడుతూనే ఉండేది, ఎంత నొక్కినా అంటుకునేది కాదు. పోలీసులు వస్తే ముందు ఎవరి పేరు చెబుతారు? డ్రయ్యరు పట్టుకున్నది ఎవరు? అక్రం తనకేం తెలియదంటే తను కాదనగలదా? ఇలా ఆలోచించి ఆలోచించి, ఒకరోజు గార్డు వంకరగా అంటించి, జీవితంలో మొదటిసారి ఖాతాదారు చేత తిట్లు తింది.

అక్రం మాత్రం రోజురోజుకీ కుదుటపడ్డాడు. వాళ్ళకి తెలిసే పనైతే ఇప్పటికే తెలిసేదన్నాడు. పాతదైనా మంచి మిషనేనన్నాడు. మనం రాయి పెట్టి ఇవ్వలేదుగా అన్నాడు. ఆ మాట అన్నాక సమ్రీన్‌కి అతని మీద ఉన్న జాలి కాస్తా పోయింది. భయం మాత్రం పోలేదు.

ఆ సోమవారం అక్రం బ్యాంకు పని మీద వెళ్ళాడు. సమ్రీన్ ఒక్కతే ఉంది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చి పడుతోంది. తల ఎత్తేసరికి ఎదురుగా ప్రసన్న.

చేతిలో లాప్‌టాప్ సంచి ఉంది.

సమ్రీన్ లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ అనుకుంటున్నది జరిగిపోతోంది. ఆమె ముందు గుమ్మం వైపు చూసింది, వెనక ఎవరైనా ఉన్నారేమోనని. ప్రసన్న కూడా అటే చూసింది.

"నాన్న మందుల కొట్టు కాడున్నాడు. ఇప్పుడే వచ్చేస్తాడు. మౌసు కొనుక్కుంటానని చెప్పి వచ్చా" అంది ప్రసన్న. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "అక్కా, దీంట్లో ఉన్నది పాత చిప్పు."

తెలియనట్టు నటించాలని అక్రం ముందే చెప్పి ఉంచాడు, కంపెనీ వాళ్ళ పొరపాటు అయి ఉంటుంది, అడిగి చెబుతాం అనాలి. ఆ మాటలన్నీ సమ్రీన్‌కి నోటికి వచ్చు. ఒక్కటీ బయటికి రాలేదు. ఇక అరుస్తుంది, బజారంతా చేరుతుంది అనుకుంది.

ప్రసన్న అరవలేదు. కౌంటరు మీదికి వంగి, సమ్రీన్ మణికట్టు పట్టుకుంది.

"నాన్నకి చెప్పమాకక్కా."

సమ్రీన్‌కి మొదట అర్థం కాలేదు. ప్రసన్న గబగబా చెప్పుకుపోయింది. ఇంట్లో దేవుడి ముందు తెరిచారట. బాబాయిలూ పిన్నులూ అందరూ చుట్టూ కూర్చున్నారట. ఆన్ చేసిన కాసేపటికే లోపల చిప్పు పేరు కనపడిందట. అప్పటికి నాయనమ్మ దానికి కుంకం బొట్టు పెడుతోంది, నాన్న ఫోటో తీస్తున్నాడు. కొత్తదేనా అని చిన్నబాబాయి అడిగితే కొత్తదేనని తలూపిందట. ఇప్పుడు బయటపడితే, మూఢంలో వచ్చిన సామాను ఇట్టాగే అయిద్దని నాయనమ్మ అంటుంది. మొదలే అపశకునమైతే చదువు ఏం ముందుకు పోతుందని బాబాయిలు అందుకుంటారు. కాలేజీ తెరిచేలోగా హైదరాబాదు మాటే లేకుండా చేస్తారు. నాన్నకి కోపమొస్తే షాపు మీదికి మనుషుల్ని తీసుకొస్తాడు, గొడవ అయిద్ది, అదంతా తన వల్లేనంటారు.

"నేను దీంతోనే ఎట్టాగో చేసుకుంటా. నాన్నొచ్చి అడిగితే బాగానే ఉందని చెప్పు. అంతే. నీకు దణ్ణం పెడతా."

ఆ మాటకి సమ్రీన్‌కి కలిగినది సంతోషం. దాన్ని దాచడం ఎందుకు, ఒక్క క్షణం ఆమె ప్రాణం లేచి వచ్చింది. ఇక ఎవరూ రారు, ఎవరూ అడగరు, రాత్రి నిద్ర పట్టవచ్చు. మోసపోయిన మనిషే వచ్చి మోసం బయట పెట్టొద్దని బతిమాలుతోంది. ఆ సంతోషం వెనకాలే, తన మణికట్టు మీద ఉన్న ఆ పిల్ల వేళ్ళు చల్లగా వణుకుతున్నాయని తెలిసింది. ఇన్ని రోజులూ తన వేళ్ళూ అలాగే ఉన్నాయి. సమ్రీన్‌కి సిగ్గేసింది. ఇంతవరకు భయపడింది గానీ సిగ్గుపడటం ఇదే మొదలు.

ఏదో అనబోయేలోగా గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

బ్రహ్మయ్య కండువాతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. పురుగుమందు డబ్బాల సంచి గోడవారన పెట్టాడు. సమ్రీన్‌ని చూసి నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం ఆమెకి అదే మొదటిసారి.

"ఏందమ్మా, దొరికిందా మౌసు? చానా మంచి మిషను ఇచ్చారు. మావోళ్ళంతా నవ్వారు గానీ, ఆగినదానికి తగ్గదే వచ్చింది. బాగానే ఉంది గదా, ఇబ్బందేం లేదు గదా?"

అడిగింది కూతుర్ని కాదు, సమ్రీన్‌ని. ప్రసన్న కళ్ళలో ప్రాణాలు పెట్టుకుని చూస్తోంది. తలూపితే సరిపోతుంది. అక్రం కోరేదీ అదే, ఈ పిల్ల కోరేదీ అదే. ఇంత మంది కోరుకునే అబద్ధం చెప్పడానికి తనకేం అడ్డమో సమ్రీన్‌కి తెలియలేదు. తల మాత్రం ఊగలేదు.

"బాబాయ్, అది మీరు కట్టిన మిషను కాదు" అంది.

ప్రసన్న కళ్ళు మూసుకుంది. సమ్రీన్ కౌంటరు అంచు పట్టుకుని, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్న భయంతో, ఆగకుండా చెప్పింది. మామూ ఎవరికో భయపడి మీ మిషను వాళ్ళకి ఇచ్చేశాడని చెప్పింది. సీలు వేడిచేసి తీసింది తనేననీ, స్టిక్కరు అంటించింది తనేననీ చెప్పింది. తేజ పేరు మాత్రం నోటికి రాలేదు. ఆ పేరుకి ఆమెకి ఇంకా భయమే.

"మీ మూఢానిదీ తప్పు కాదు, మీ అమ్మాయిదీ తప్పు కాదు. మేము చేసిన దొంగతనం ఇది. ఇంటికాడ ఇట్టాగే చెప్పండి."

బ్రహ్మయ్య మెడ మీద నరం ఉబ్బింది. ఆయన ఒక్కమాట కూడా అనకుండా జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరికి చేస్తాడో ముగ్గురికీ తెలుసు. కారంపూడి నుంచి జీపు ఎంతసేపట్లో వస్తుందో సమ్రీన్ లెక్క వేసుకోలేకపోయింది. వెనక గోడకి ఆనుకుంది.

"వద్దు నాన్నా. నాకు ముందే తెలుసు" అంది ప్రసన్న.

ఫోన్ మీద ఆయన వేలు ఆగింది. "ఎప్పుడు?"

"ఇంట్లో తెరిచినప్పుడే."

"మరి నాకెందుకు చెప్పలా?"

ప్రసన్న చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ సమ్రీన్ వైపు ఒక అడుగు జరిగింది. అంతే జరిగింది. కానీ బ్రహ్మయ్య ఆ అడుగు చూశాడు. మోసం చేసిన షాపులో, మోసం చేసిన మనిషి పక్కకి తన కూతురు తన నుంచి జరగడం చూశాడు. ఆయన ముఖంలో కోపం ఎటు పోయిందో తెలియదు. ఏదో పెద్ద దెబ్బ తగిలి, ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్న మనిషిలా నిలబడ్డాడు.

తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సమ్రీన్ మంచినీళ్ళ సీసా అందిస్తే తీసుకున్నాడు గానీ తాగలేదు, మూత తిప్పుతూ కూర్చున్నాడు. బయట బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

"మీ నాయనమ్మకి నేను చెప్తాలే" అన్నాడు చివరికి, కూతురి వైపు చూడకుండా. "మీ బాబాయిలకీ నేనే చెప్తా. నువ్వు వెళ్ళేది వెళ్ళేదే."

ప్రసన్నకి ఏడుపు అప్పుడొచ్చింది. సమ్రీన్ ఆమెని తన కుర్చీలో కూర్చోబెట్టింది. రేపటి నుంచి ఆ కుర్చీ తనదవునో కాదో తెలియదు. ఇంట్లో అమ్మ ముఖం ఎలా చూడాలో తెలియదు. భయం తగ్గిందా అంటే తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు కౌంటరు కిందికి వంగాలని మాత్రం అనిపించలేదు.

అక్రం బండి వచ్చి ఆగింది. ఏదో పాట కూనిరాగం తీస్తూ లోపలికి రెండడుగులు వేసి, స్టూలు మీద బ్రహ్మయ్యనీ, ఏడుస్తున్న ప్రసన్ననీ, కౌంటరు మీది సంచినీ చూశాడు. పాట ఆగిపోయింది. ఏం చెప్పావని ఉర్దూలో సమ్రీన్‌ని మెల్లగా అడిగాడు.

"జరిగిందంతా చెప్పాను మామూ" అంది సమ్రీన్, అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే.

అక్రం వెనక్కి చూశాడు. బండి తాళం ఇంకా అతని చేతిలోనే ఉంది. బ్రహ్మయ్య లేవలేదు, గొంతు పెంచలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ కాలితో అతని వైపు జరిపాడు.

"పారిపోబాక అక్రం, కూర్చో. నువ్వు ఎవరికి భయపడి ఇచ్చావో ముందు అది చెప్పు."

అక్రం హెల్మెట్ తీయకుండానే కూర్చున్నాడు.